శోధన ఎదురుకాకముందే గెలవాలి

ఆశానిగ్రహం అనగానే పళ్ళు బిగించి కోరికతో పోరాడే మనిషి గుర్తుకొస్తాడు. మనసు గట్టిదైతే చాలు, ఏ శోధనా ఏమీ చేయలేదనుకుంటాం. కానీ పడిపోయినవాళ్ళ కథలు చూస్తే, తమ బలాన్ని అతిగా నమ్ముకున్నవాళ్ళే తరచు కనిపిస్తారు. నిలబడినవాళ్ళు మాత్రం శోధన ఎదురుకాకముందే ఒక నిర్ణయానికి వచ్చినవాళ్ళు.

పేతురునే తీసుకోండి. అందరూ విడిచిపెట్టినా తాను మాత్రం విడిచిపెట్టనని ప్రభువుతో అన్నాడు. ఆ మాటలో కపటం లేదు. అదే రాత్రి గెత్సేమనే తోటలో మెలకువగా ఉండి ప్రార్థించమని యేసు చెబితే నిద్రపోయాడు. తెల్లవారకముందే, ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలిమంట కాచుకుంటూ, ఒక పనిపిల్ల మాటకు బెదిరి, ఆయనెవరో తెలియదన్నాడు. ఆ ఓటమి చలిమంట దగ్గర బయటపడింది గానీ, మొదలైంది తోటలో నిద్రపోయినప్పుడే.

నాలుగో శతాబ్దానికి చెందిన ఆగస్టీన్ తన ‘కన్ఫెషన్స్’లో స్నేహితుడు అలిపియస్ గురించి ఇలాంటిదే చెప్పాడు. న్యాయశాస్త్రం చదవడానికి రోమ్ వెళ్ళిన అలిపియస్‌కు గ్లాడియేటర్ల పోటీలంటే అసహ్యం. మిత్రులు బలవంతంగా లాక్కెళ్తే, కళ్ళు మూసుకుని కూర్చుంటే సరిపోతుందనుకున్నాడు. ఉన్నట్టుండి జనం పెద్ద కేక వేశారు. ఏమైందోనని కళ్ళు తెరిచాడు. ఆ రక్తపాతం చూస్తూ తానూ కేకలు వేశాడు. ఆ తర్వాత ఇతరులను కూడా వెంటబెట్టుకుని వెళ్ళే స్థితికి వచ్చాడు. తన మీద కాక దేవుని మీద ఆధారపడటం నేర్చుకోవడానికి అతనికి చాలాకాలం పట్టింది.

దూరమే మొదటి విజయం

యోసేపు ఎంచుకున్న దారి వేరు. యజమాని పోతీఫరు భార్య రోజూ అడుగుతున్నా అతను ఒప్పుకోలేదు సరికదా, ఆమె దగ్గర ఉండటానికి కూడా ఇష్టపడలేదని ఆదికాండము 39వ అధ్యాయం చెబుతుంది. చివరికి ఆమె వస్త్రం పట్టుకుంటే, దాన్ని అక్కడే వదిలి బయటికి పారిపోయాడు. అందుకు అతనికి దక్కింది చెరసాల. ఆశలను అదుపు చేసుకున్నవాడికి వెంటనే మేలు జరుగుతుందని ఈ కథ మభ్యపెట్టదు. చెరసాలలోనూ దేవుడు అతనికి తోడుగా ఉన్నాడని మాత్రం చెబుతుంది.

మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ చిన్నపిల్లలతో చేసిన ప్రయోగాల్లోనూ దూరానికున్న ఈ బలమే తేలింది. కాసేపు ఆగితే ఎక్కువ ఇష్టమైన తినుబండారం ఇస్తామని పిల్లలకు చెప్పారు. 1970లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తినుబండారాలు కళ్ళెదుట ఉన్న పిల్లల కంటే అవి కనబడని పిల్లలు చాలా ఎక్కువసేపు ఆగగలిగారు. కంటికి దూరమైతే మనసుకు భారం తగ్గుతుంది.

ఈ రోజే చేయదగినవి

రాత్రి ఫోన్ చూపులను తప్పుదారి పట్టిస్తుంటే, దాన్ని పడకగదిలోకి తీసుకెళ్ళకండి. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో డబ్బు పోతుంటే ‘ఇకనుంచి తగ్గిస్తాను’ అనుకోవడం చాలదు. యాప్ తీసేయండి, ఖాతా లెక్కలు ఇంట్లోవాళ్ళకు చూపించండి. తాగుడు మానాలనుకుంటే వైన్ షాపు లేని దారిలో ఇంటికి రండి. అలవాటు ముదిరిపోయి ఉంటే డాక్టరును కలవండి. వైద్యం చేయించుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు. కోపంలో రాసిన వాట్సాప్ మెసేజ్‌ను తెల్లవారేదాకా పంపకండి.

మీ బలహీనతను నమ్మకమైన ఒక్కరితోనైనా చెప్పండి. పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకుని, ఒకరికోసం ఒకరు ప్రార్థించాలని యాకోబు తన పత్రికలో సలహా ఇచ్చాడు. దాచిపెట్టినంతకాలం శోధన బలం పెరుగుతూనే ఉంటుంది.

వాక్యాన్ని ముందే మనసులో నింపుకోండి. నలభై రోజుల ఉపవాసం తర్వాత అపవాది మూడుసార్లు శోధించినప్పుడు, యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండములోవే. ఆకలితో ఉన్న ఆ ఘడియలో ఆయన గ్రంథపు చుట్టలు వెతకలేదు. సండే స్కూల్లో పిల్లలకు కంఠత వాక్యం నేర్పించేది పోటీల్లో బహుమతి కోసం మాత్రమే కాదు, ఇలాంటి ఘడియ కోసం. ఉపవాస ప్రార్థన కూడా అంతే. కడుపు అడిగినా కాసేపు ఆగడం నేర్చుకున్నవాడికి, కోరిక తొందరపెట్టినప్పుడు ఆగడం కొత్త పాఠం కాదు.

పడిపోతే?

అయినా ఒక్కోసారి పడిపోతాం. అప్పుడు ‘ఎలాగూ చెడ్డాను కదా’ అనుకుని ఇంకా లోతుకు దిగడమే అసలు ప్రమాదం. పేతురు వెక్కివెక్కి ఏడ్చాడు. పునరుత్థానుడైన ప్రభువు అతన్ని దూరం పెట్టలేదు. తిబెరియ సముద్రతీరంలో తన గొర్రెలను మేపే బాధ్యతను అతనికే అప్పగించాడు. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు పేర్కొన్న ఆత్మఫలంలో తొమ్మిదోది ఆశానిగ్రహం. అంటే మన పట్టుదలతోపాటు, అంతకన్నా ముందు, దేవుని ఆత్మ మనలో చేసే పని అది. ఫలం ఒక్కరోజులో పండదు, కాబట్టి తొందరపడి నిరాశ చెందకండి.

మిమ్మల్ని మాటిమాటికీ పడగొడుతున్న శోధన ఏమిటో మీకు తెలుసు. దానికి తలుపు ఎక్కడ తెరుచుకుంటోందో కూడా తెలుసు. మనసు నిర్మలంగా ఉన్న ఈ వేళలోనే ప్రార్థన చేసి, ఆ తలుపు మూసేయండి.