పండూ, చార్టు తెరిచే ముందు

విశాఖపట్నం

పండూ,

నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. నాకు చెప్పడమేమిటి, ఏలూరంతా చాటేసింది. "మా అమ్మాయి అమెరికా డాక్టర్లకి కోడ్లు రాస్తుంది" అంటోందిట. చెప్పుకోనీ, సంతోషం పట్టలేకపోతోంది పాపం. హాస్టల్ ఎలా ఉంది? మాదాపూర్ హాస్టళ్లలో రాత్రి షిఫ్టువాళ్లకి అన్నం తీసి ఉంచరు, వార్డెన్‌తో ముందే మాట్లాడుకో. పొద్దున్నే వచ్చి టిఫిన్ తినకుండా పడుకున్నావంటే నాకు కోపం వస్తుంది. కోపం కాదులే, బెంగ.

ఫోన్లో చెబితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటూ మధ్యలో ఇన్‌స్టా చూస్తుంటావు. నాకు తెలుసు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు కోడింగ్ కాదు, ట్రాన్స్‌క్రిప్షన్. చెవులకి హెడ్‌ఫోన్లు, కాళ్ల కింద పెడల్, అమెరికా డాక్టరు గొణిగింది గొణిగినట్టు టైపు చెయ్యడం. రోగుల వివరాల గోప్యత చూసే హిపా చట్టం అక్కడ 1996లోనే వచ్చింది గానీ, అందులోని ప్రైవసీ నిబంధనలు అమల్లోకి వచ్చింది 2003 ఏప్రిల్‌లో. అప్పుడు మాకో క్లాసు పెట్టి, సంతకాలు తీసుకుని పంపేశారు. అదే ఏడాది అక్టోబరులో ఒక వార్త వచ్చింది. కరాచీలో ఉన్న ఒక ట్రాన్స్‌క్రిప్షనిస్టు శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూసీఎస్ఎఫ్ ఆస్పత్రికి ఈమెయిల్ పెట్టింది: నాకు రావలసిన డబ్బు ఇప్పించండి, లేకపోతే మీ రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతాను. ఉత్తుత్తి బెదిరింపు కాదని తెలియడానికి నిజం రికార్డులే జతచేసింది. ఆస్పత్రి ఆ పని ఇచ్చింది పక్క ఊళ్లోని కంపెనీకి. వాళ్లు ఫ్లోరిడాలో ఒకరికి, ఆ మనిషి టెక్సాస్‌లో ఇంకొకరికి, అక్కణ్ణుంచి కరాచీకి. ఎవరి కమీషను వాళ్లు ఉంచుకున్నారు, చివరి మనిషికి మాత్రం ఎగ్గొట్టారు. కొంత డబ్బు ముట్టాక ఆమె బెదిరింపు వెనక్కి తీసుకుంది.

మేమంతా ఆమెని తిట్టాం. చేసింది తప్పే మరి. కానీ నాకు ఇప్పటికీ గుర్తున్న సంగతి వేరు. తన రోగి కాగితం కరాచీ దాకా వెళ్లిందని ఆస్పత్రికి తెలియనే తెలియదు! ఆ తర్వాత 2009లోనూ 2013లోనూ నిబంధనలు బిగించారు. ఆస్పత్రే కాదు, దాని తరఫున రికార్డులు ముట్టుకునే కంపెనీలన్నీ జవాబు చెప్పాలన్నారు. నీ చేత మొదటిరోజు సంతకం పెట్టించిన కాగితాల దొంతర అక్కణ్ణుంచి వచ్చిందే. చదవకుండా పెట్టి ఉంటావు. ఈ ఆదివారం కూర్చుని చదువు.

నువ్వు ఆ రికార్డు ఎందుకు చూడగలుగుతున్నావో కూడా తెలుసుకో. చికిత్సకి, డబ్బు చెల్లింపుకి, ఆస్పత్రి నడపడానికి, ఈ మూడింటికీ రోగిని ప్రతిసారీ అడగక్కర్లేకుండా వాళ్ల వివరాలు వాడుకోవచ్చు. నీ పని రెండోదాని కిందికి వస్తుంది. ఇన్సూరెన్స్‌కి బిల్లు పోవాలంటే జబ్బుకీ చికిత్సకీ కోడు కావాలి, కోడు వెయ్యాలంటే చార్టు చదవాలి. ఆ బిల్లుకి ఎంత అవసరమో అంతే చదవాలి. ఇవాళ ఒకావిడ ఎక్స్‌రేకి కోడు వేస్తూ ఆవిడ పదేళ్ల కిందటి కాన్పు కాగితాలు తిరగేయనక్కర్లేదు.

ఒక చార్టు చెబుతాను. కంగారుపడకు, ట్రైనింగ్ కోసం నేనే అల్లింది. నిజం చార్టయితే నీకైనా రాయను. ముప్పై నాలుగేళ్ల ఆమె రాత్రిపూట ఎమర్జెన్సీకి వచ్చింది. మెట్ల మీంచి పడ్డానంది. నర్సు నోట్‌లో మోచేతి పైన వేళ్ల ఆకారంలో కమిలిన మచ్చలు, కొన్ని ఇంకా నీలంగా, కొన్ని పసుపుపచ్చగా మారినవి. ఆమెని అడిగితే భర్త జవాబు చెబుతున్నాడని కూడా రాశారు. ఇప్పుడు డాక్టరు ఏం రాశాడో చూడాలి. మెట్ల మీంచి పడటం అని ఆపేస్తే, గాయాల కోడుతో పాటు డబ్ల్యూ10 వేసి ఊరుకోవాలి. హింస జరిగిందని అనుమానం అంటే టి76. నిర్ధారణ అయిందంటే టి74. నర్సు నోట్ చదివి కడుపు రగిలి, నీ అంతట నువ్వే టి74 వేశావనుకో. ఆ కోడు బిల్లుతో పాటు ఇన్సూరెన్స్‌కి పోతుంది. పాలసీ భర్త పేరు మీద ఉంటే, దేనికి ఎంత చెల్లించామో చెప్పే కాగితం ఆయన పేరునే ఆ ఇంటికి పోవచ్చు. తలుపు దగ్గర ఆ కవరు చించేది ఎవరో ఆలోచించు. అందుకే కాగితాలు వేరే చిరునామాకి పంపమని అడిగే హక్కు అక్కడి రోగులకి ఉంది. నీకు సందేహం వస్తే డాక్టరుకి క్వెరీ పెట్టు, ఊహించి మాత్రం వెయ్యకు.

మర్నాడు ఆమె ఏమైందోనని ఆ చార్టు మళ్లీ తెరవాలనిపిస్తుంది. నీ సంగతి నాకు తెలియదా, సీరియల్లో కోడలు ఏడిస్తే నువ్వూ ఏడ్చేదానివి. అది జాలే, చెడ్డబుద్ధి కాదు. అయినా తెరవకు. నువ్వు ఎన్నింటికి తెరిచావో, ఏ పేజీ చూశావో, అంతా లాగ్‌లో పడుతుంది. లాస్ ఏంజెలిస్‌లో యూసీఎల్ఏ ఆస్పత్రుల సిబ్బంది పేరున్నవాళ్ల రికార్డులు తెరిచి చూశారు. కొందరి ఉద్యోగాలు ఊడాయి. ఆస్పత్రి 2011లో 8,65,500 డాలర్లు కట్టి బయటపడింది. అక్కడే పరిశోధకుడిగా ఉన్న ఒకతనికి, తోటి ఉద్యోగుల రికార్డులూ సినిమావాళ్ల రికార్డులూ చూసినందుకు, 2010లో నాలుగు నెలల జైలు పడింది. అమ్ముకున్నట్టు రుజువు కూడా లేదు, చూశాడంతే.

ఫ్లోర్‌లోకి ఫోను తీసుకెళ్లనివ్వరని, పెన్ను కూడా లాకర్లో పెట్టమంటున్నారని మీ అమ్మతో గొణిగావుట. గొణుగు, పరవాలేదు, మేమూ గొణిగాం. లాగిన్ అయిన ప్రతిసారీ టోకెన్ నంబరు కూడా అడుగుతోందని మాత్రం విసుక్కోకు. 2024 ఫిబ్రవరిలో, అమెరికాలో ఆస్పత్రి బిల్లులు నడిపించే చేంజ్ హెల్త్‌కేర్ కంపెనీలోకి దొంగలు దూరింది అలాంటి రెండో తాళం లేని లాగిన్ నుంచే. 2 కోట్ల 20 లక్షల డాలర్లు కప్పం కట్టారు. సుమారు 19 కోట్ల మంది వివరాలు పోయాయి. బిల్లులు ఆగిపోయి, చిన్న చిన్న క్లినిక్కులకి వారాల తరబడి డబ్బు రాలేదు.

ఇంకో మాట. పేరు చెప్పకపోతే చాలు, కథ చెప్పుకోవచ్చు అనుకుంటారు అందరూ. హాస్టల్ గదిలో రాత్రి కబుర్లకి ఇంతకంటే మంచి సరుకు దొరకదు కూడా. పేరు ఒక్కటి తీసేస్తే సరిపోదు పండూ. హిపాలో ఆనవాలు పట్టించే వివరాలు 18 రకాలని రాసి పెట్టారు. ఫోటో, తేదీలు, పిన్‌కోడ్ లాంటివన్నీ వస్తాయి. వయసు 89 దాటితే ఆ అంకె కూడా ఉంచకూడదు, తొంభై, ఆపైన ఉన్నవాళ్లందర్నీ ఒకే లెక్కలో కలిపెయ్యాలి. అంత పెద్ద వయసువాళ్లు ఊరికి ఎంతమంది ఉంటారు, ఇట్టే తెలిసిపోతారు. మన వీధి సంగతే చూడు. "రైల్వేలో చేసి రిటైరైన ఆయన, కూతురు కెనడాలో" అంటే మన వీధిలో ఇంక పేరెందుకు?

ఇంత చెబుతున్నానా, తాతయ్య విషయంలో నేను చేసింది విను. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజు నాకు చేతులూ కాళ్లూ ఆడలేదు. ఆఫీసులో అమెరికా వాళ్ల కాగితం పక్కవాళ్లకి కనబడకుండా స్క్రీన్ లాక్ చేసే మనిషిని, మా నాన్న రిపోర్టు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. తెలిసిన డాక్టర్లెవరైనా ఉంటే చెబుతారని. తాతయ్యకి మేమింకా చెప్పనే లేదు. సాయంత్రం విజయవాడ నుంచి ఒక చుట్టం ఆయనకే ఫోన్ చేసి "ధైర్యంగా ఉండండి బావగారూ, ఈ రోజుల్లో క్యాన్సర్ పెద్ద జబ్బే కాదు" అన్నాడు. తాతయ్య ఫోన్ పెట్టేసి నన్నొక్క మాట అనలేదు. కళ్లజోడు తుడుచుకుని, "రిపోర్టు నాకూ ఒకసారి చూపించమ్మా" అన్నాడు. ఈ సంగతి మీ అమ్మకి తెలుసు, నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు.

కాబట్టి అక్కడి జాగ్రత్త ఇక్కడా తీసుకో. మన దగ్గర ఓపీలో పేరు పిలిచి, జబ్బు కూడా గట్టిగా పిలుస్తారు. పక్క బెంచీవాళ్లు సలహాలు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు, అందుకే కాదనలేం. అలాగని మనకి చట్టాలు లేవనుకోకు. హెచ్ఐవీ ఉన్నవాళ్ల సంగతి వాళ్ల ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య చట్టంలో గోప్యత రోగి హక్కు. డాక్టర్ల ప్రవర్తనా నియమాల ప్రకారం, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అమ్మమ్మ మోకాళ్ల ఆపరేషన్ అయిన ఆస్పత్రిలో కేస్‌షీట్ జెరాక్స్ అడిగితే "మీకెందుకండీ" అన్నారుట. ఈసారి నువ్వు వెళ్లి అడుగు. మర్యాదగా, రాతపూర్వకంగా. అరవకు, నీకు మీ నాన్న గొంతు వచ్చింది.

ఆస్పత్రి కౌంటర్లో ఆభా, అంటే ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరు తీస్తామని ఓటీపీ చెప్పమంటే, దేనికని అడుగు. ఆ 14 అంకెల నంబరు ఇష్టమైతేనే తీసుకోవచ్చు. రికార్డులు ఎవరికి, ఎంతకాలం చూపించాలో నువ్వే చెప్పొచ్చు, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు కూడా. అమ్మమ్మకి ఆ అనుమతి రాసిన వరస కనబడదు, తొందర పెడితే ఓటీపీ చదివి ఇచ్చేస్తుంది.

దసరాకి ఇంటికి వెళ్తావు కదా, ఒక పని చేసిపెట్టు. మీ అమ్మ పోయిన నెల తన రిపోర్టులు ప్రింటు తియ్యమని సెంటర్లో జెరాక్స్ షాపతని నంబరుకి వాట్సాప్ చేసింది. ఏం రిపోర్టులో ఆవిడ చెబితే విను, నేను చెప్పను. షాపుకి వెళ్లి తీసేయించు. చాట్‌లో తీసేస్తే చాలదు, అతని కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ తెరిపించు, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించు. పక్క ఫైళ్లు ఎవరివో చూడకు.

నీ పిన్ని