గాలి పేర్చిన నేల: థార్ ఇసుక మృత్తికల స్వభావం, సేద్యం

నేల అనగానే తెలుగు పాఠకుని మనస్సులో మెదిలేవి నల్లరేగడి, ఎర్రచెల్క, డెల్టా ఒండ్రు. మొదటి రెండూ ప్రధానంగా ఉన్నచోటనే రాయి శిథిలమై ఏర్పడినవి. మూడవది నదులు మోసుకువచ్చి పరచినది. ఈ మూడింటికీ భిన్నంగా గాలి మోసుకువచ్చి పేర్చిన నేలలు కూడా మన దేశంలో ఉన్నాయి. ఆరావళీ పర్వతశ్రేణికి పడమట, రాజస్థాన్‌లో విస్తరించిన థార్ ఎడారి వీటికి ప్రధాన క్షేత్రం. భారతదేశంలో దీని వైశాల్యం సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు.

ఎడారి అన్న పేరును బట్టి అక్కడ సేద్యం ఉండదని భావించడం పొరపాటు. ప్రపంచంలోని ఎడారులలో మిక్కిలి జనసాంద్రత గలవానిలో థార్ ఒకటి. అక్కడి గ్రామీణులలో అధికసంఖ్యాకులు ఈ ఇసుకలోనే సజ్జ పండిస్తూ, పశువులను మేపుకుంటూ తరతరాలుగా జీవిస్తున్నారు. అయితే గాలి తెచ్చిన నేలను గాలి తిరిగి తీసుకుపోగలదు. దానిని నిలుపుకోవడమే అక్కడి రైతుకు ప్రథమ సమస్య.

గాలి చేసే పని

గాలి ఇసుకను మూడు విధాలుగా కదిలిస్తుంది. ముతక రేణువులు నేలను అంటిపెట్టుకొని దొర్లుతూ పోతాయి. మిల్లీమీటరులో పదవ వంతు నుంచి సగం వరకు పరిమాణం గల రేణువులు ఎగిరి పడుతూ, పడిన చోట మరికొన్నింటిని ఎగురగొడుతూ గంతులతో సాగుతాయి. అంతకంటె మెత్తనైన ధూళి ఆకాశానికి లేచి దూరప్రాంతాలకు తరలిపోతుంది. ఇసుకలో అధికభాగం ప్రయాణించేది రెండవ పద్ధతిలోనే. గాలి వేగానికి ఒక పొద గాని, గట్టు గాని అడ్డు తగిలినచోట ఈ రేణువులు కూలబడి దిబ్బ కట్టనారంభిస్తాయి. మార్వాడీ భాషలో ఇటువంటి దిబ్బను 'ధోరా' అంటారు. ఉత్తర రాజస్థాన్‌లో 'టీబా' అనే మాట వాడుకలో ఉన్నది.

పశ్చిమ రాజస్థాన్‌లో సగానికి పైగా భూమి ఇసుక దిబ్బలతో నిండినదే. వీటిలో అనేకం వేల సంవత్సరాల నాటివి. వాటిపై గడ్డి, పొదలు పెరిగి స్థిరపడ్డాయి. వాటి లోపలి పొరలలో సున్నపు గడ్డలు కనిపించడం ఈ ప్రాచీనతకు గుర్తు. ఈ స్థిరత్వం శాశ్వతం కాదు. పైనున్న పచ్చదనం తొలగిన మరుక్షణం పాత దిబ్బ కొత్తదై మళ్లీ నడక ప్రారంభిస్తుంది.

నేల నిర్మాణం

గాలి రేణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది. అందువలన ఈ నేలల్లో సన్నని ఇసుకయే తొంభై పాళ్ల వరకు ఉంటుంది. బంకమన్ను మిక్కిలి స్వల్పం. రేణువులను కలిపి ఉంచే జిగురు లేనందున గడ్డలు కట్టదు. తడిసినప్పుడు అంటుకోదు, ఎండినప్పుడు బీటలు వారదు. గుప్పిట పట్టి వదిలితే వేళ్ల సందుల నుంచి జారిపోతుంది. మృత్తికా శాస్త్రజ్ఞులు దీనిని పొరలు ఇంకా రూపొందని పసినేలల వర్గంలో చేర్చారు.

సారం విషయంలో ఇది పేద నేల. గాలి ముందుగా ఎగరేసుకుపోయేది సారవంతమైన మెత్తని ధూళినే. తీవ్రమైన వేడిమిలో ఆకులు, వేళ్లు త్వరగా క్షయించిపోతాయి గనుక సేంద్రియ పదార్థం నిలవదు. తత్ఫలితంగా నత్రజని కొరత ఎక్కువ. పొటాష్ మాత్రం సాధారణంగా చాలినంత ఉంటుంది. నేల కొద్దిగా క్షారగుణం కలది.

బలహీనతలోనే బలం

ఇంతటి నేలలో పంట ఎలా పండుతుంది? సమాధానం నీటితో దానికి గల సంబంధంలో ఉన్నది. థార్‌లో వర్షపాతం పడమటి అంచున ఏడాదికి 150 మిల్లీమీటర్లకు లోపు. తూర్పున ఆరావళీ వైపు 400 మిల్లీమీటర్లు దాటుతుంది. అందులో అధికభాగం జులై నుంచి సెప్టెంబరు వరకు, కొద్దిపాటి జల్లులుగానే కురుస్తుంది.

10 మిల్లీమీటర్ల వాన నల్లరేగడిపై పడితే నాలుగు వేళ్ల మందం మాత్రం తడుస్తుంది. మరునాటి ఎండకు అందులో చాలా భాగం ఆవిరవుతుంది. అదే వాన ఇసుక నేలపై పడితే చుక్క కూడా పారిపోక జానెడు లోతుకు దిగుతుంది. పైపొర త్వరగా ఎండి, క్రింది తేమకు దుప్పటివలె అడ్డుపడుతుంది. ఇసుక రేణువుల నడుమ ఖాళీలు పెద్దవి గనుక క్రింది నీరు పైకి ఎగబ్రాకదు. రేగడి తనలోని తేమలో కొంత భాగాన్ని గట్టిగా పట్టుకొని మొక్కకు అందనీయదు. ఇసుక పట్టుకొనేది తక్కువే అయినా, దాదాపు అంతా మొక్కకు ఇచ్చివేస్తుంది. వర్షాలు సమృద్ధిగా ఉన్నచోట ఇసుక నేల హీనమైనది కావచ్చు. వర్షం అరుదైన చోట అదే ఉపకారి.

కాని ఆ నిలువ పరిమితమైనది. మీటరు లోతు ఇసుక మొక్కకు అందించగల నీరు సుమారు 60 నుంచి 100 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు వానల మధ్య విరామం పెరిగితే పైరు నిలువునా ఎండుతుంది.

నేలకు తగిన పంట

ఈ గుణాలకు సరిపోయే పంటలనే అక్కడి రైతు ఎన్నుకున్నాడు. సజ్జ, గోరుచిక్కుడు, పెసర, నువ్వులు, మోఠ్ అనే అపరాలు ముఖ్యమైనవి. మోఠ్ తీగ నేలపై చాపవలె పరచుకొని ఇసుకను కప్పి ఉంచుతుంది. కాయధాన్యాల వేరుబుడిపెలు నత్రజని కొరతను కొంత తీరుస్తాయి. జైసల్మేర్ ప్రాంతపు సేవణ్ గడ్డి వేళ్లతో ఇసుకను అల్లి పట్టుకొని, పశువులకు మేతగా కూడా ఉపయోగపడుతుంది.

అయితే ఈ వ్యవస్థకు ప్రాణం చెట్టు. రాజస్థానీ రైతు 'ఖేజ్డీ' అని పిలిచే వృక్షం తెలుగువారికి అపరిచితం కాదు. విజయదశమి నాడు మనం పూజించే జమ్మి చెట్టే అది. దాని తల్లివేరు చాలా లోతుకు పోతుంది గనుక పైపొరలోని తేమ కొరకు పైరుతో పోటీ పడదు. రాలిన ఆకుల వలన దాని క్రింది నేల చుట్టుపక్కల నేలకన్న సారవంతమవుతుంది. ఆకు పశువులకు మేత. 'సాంగ్రీ' అనే లేత కాయలు మనుషులకు కూర. రాజస్థాన్ ప్రభుత్వం 1983లో దీనిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. 2014లో ఏర్పడిన తెలంగాణకు కూడా రాష్ట్ర వృక్షం ఇదే. 1730లో జోధ్‌పూర్ సమీపాన ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనీయక అమృతాదేవి మొదలుగా 363 మంది విష్ణోయీలు ప్రాణాలర్పించారు. ఆ త్యాగానికి మూలం మతవిశ్వాసమే అయినా, చెట్టు పోతే నేల పోతుందన్న అనుభవజ్ఞానం కూడా దానిలో ఇమిడి ఉన్నది.

రెండు ప్రమాదాలు

పూర్వపు రైతు ఒంటెతో, ఎద్దులతో పైపైన దున్నేవాడు. పొలంలోని జమ్మి మొక్కలను, నేలరేగు పొదలను తప్పించుకుంటూ నాగలి సాగేది. కొన్నేళ్లు పండించిన భూమిని బీడుగా వదిలేవాడు. జనాభా పెరిగి, ట్రాక్టరు వచ్చిన తరువాత ఈ క్రమం చెదిరింది. పళ్ల నాగలి లోతుగా తిరిగి పొదలను వేళ్లతో సహా పెళ్లగిస్తుంది. వానకు ముందు, అనగా గాలులు ఉధృతంగా వీచే వేసవిలోనే దున్నిన పొలం ఇసుకకు తలుపు తెరిచినట్లవుతుంది. ఒకరి పొలంలో లేచిన ఇసుక పొరుగువాని మొలకలను కప్పివేస్తుంది. ఇటీవలి దశాబ్దాలలో భూగర్భజలం అడుగంటడం, అతిగా కొమ్మలు నరకడం, వేళ్లను తొలిచే పురుగు, తెగుళ్లు కలసి జమ్మి చెట్లు కూడా ఎండిపోతున్నాయి.

రెండవ ప్రమాదం నీటి కొరత వలన గాక నీటి ఆధిక్యం వలన వచ్చినది. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ నదుల సంగమం వద్దనున్న హరికే నుంచి రాజస్థాన్ కాలువ నిర్మాణానికి 1958లో శంకుస్థాపన జరిగింది. తరువాత దానికి ఇందిరాగాంధీ పేరు పెట్టారు. హిమాలయ జలం జైసల్మేర్ ఇసుకను చేరడం అసామాన్య విజయం. బీళ్లలో గోధుమ, పత్తి, శనగ పండాయి. కాని ఇసుక నీటిని వేగంగా పీల్చుకుంటుంది. కొన్ని చోట్ల కొద్ది మీటర్ల అడుగున జిప్సం, సున్నంతో కూడిన గట్టి పొర ఉన్నది. పొలం నిండా పారించిన నీరు ఆ పొరపై నిలిచి పైకి ఉబికింది. దానితోపాటు ఉప్పు కూడా వచ్చింది. ఉత్తరాన హనుమాన్‌గఢ్, సూరత్‌గఢ్ పరిసరాలలో కొన్ని పొలాలు చిత్తడి నేలలైనాయి. స్థానికులు ఈ కీడును 'సేమ్' అంటారు. ఇటువంటి నేలకు కాలువ పారకం కన్న తుంపర్ల సేద్యం యుక్తమని ఈ అనుభవం బోధించింది.

ఇసుకను కట్టే ఉపాయాలు

1952లో జోధ్‌పూర్‌లో ఎడారి వనీకరణ కేంద్రం నెలకొల్పబడి, 1959లో కేంద్రీయ శుష్కమండల పరిశోధన సంస్థగా రూపొందింది. కదిలే దిబ్బలను స్థిరపరచుటకు ఈ సంస్థ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి సరళమైనది. మొదట దిబ్బను పశువులు తొక్కకుండా కంచె వేస్తారు. తరువాత ఎండు కంపను గాలికి అడ్డంగా వరుసలుగా, లేదా చదరంగపు గళ్లవలె పాతుతారు. ఆ గళ్ల నడుమ గాలి మందగించిన చోట తొలకరిలో గడ్డి విత్తనాలు చల్లి, నారు నాటుతారు. త్వరగా పెరిగే విదేశీ జాతుల తుమ్మలు ఈ పనికి విరివిగా ఉపయోగించబడ్డాయి. వాటిలో మన సర్కారు తుమ్మ హద్దులు మీరి వ్యాపించి స్థానిక మొక్కలను అణచివేయడంతో, దేశీయ వృక్షాల విలువ మళ్లీ గుర్తింపుకు వచ్చింది.

పొలాలలో పాటించదగిన సూత్రాలు కూడా అటువంటివే. సజ్జ కోసేటప్పుడు మోళ్లను మూరెడు ఎత్తున వదలిపెట్టాలి. గాలికి అడ్డంగా గడ్డి పట్టెలు, వాటి మధ్య పైరు వేయాలి. వాన పడిన తరువాతనే దున్నాలి. పెంటను, పశువుల ఎరువును తప్పక చేర్చాలి.

ఈ పాఠం రాజస్థాన్‌కే పరిమితం కాదు. అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతాలలో హగరి అని పిలువబడే వేదవతి నదీగర్భపు ఇసుకను నైఋతి గాలులు పొలాలపైకి తరలించి మేటలు వేయడం తెలుగు రైతులకు తెలిసినదే. అక్కడ కూడా నదికి, పొలానికి నడుమ చెట్ల వరుస నిలిచిన చోటనే భూమి దక్కుతుంది.

గాలిని ఆపగల శక్తి మానవునికి లేదు. గాలికి, ఇసుకకు మధ్య ఒక వేరును, ఒక మోడును, ఒక పొదను నిలపడం మాత్రం అతని చేతిలో ఉన్నది. థార్ రైతు పూర్వీకులు శాస్త్రం చదవకనే ఈ పని చేశారు. శాస్త్రం దానిని సమర్థించింది. ట్రాక్టరును, కాలువను ఆ మర్యాదకు లోబరచుకోగలిగితే, గాలి పేర్చిన ఈ నేల రాబోయే తరాలకు కూడా అన్నం పెట్టగలదు.