పుట్టినింటి వీడ్కోలు

ఆంగ్లేయులు 1856లో అవధ్ రాజ్యమును హరింపగా నవాబు వాజిద్ అలీ షా లక్నోను వీడి కలకత్తా చేరెను. రాజ్యమును తిరిగి కోరుటకై లండన్ వెళ్ళిన తల్లి 1858లో పారిస్‌లో మరణించెను. ఆయన హుగ్లీతీరమున, గార్డెన్ రీచ్‌లోని మటియాబుర్జ్‌నందు, సంగీతము, నృత్యము, జంతుశాల, ఇమాంబారాలతో మఱియొక లక్నోను కల్పించుకొనెను. పోయినదానిని మరల కట్టుకొనుటను కేవలము మోహమని త్రోసివేయుట తొందరపాటని నా తలంపు.

ఆయన రచనగా చెప్పబడు ‘బాబుల్ మోరా’ ఠుమ్రీలో రాజ్యము మాటయే లేదు. పుట్టినిల్లు వీడు వధువు దుఃఖమే కలదు. నలుగురు మోయు ఆ పల్లకి పెండ్లికూతురిదా, లేక పాడెయా? వినువారు రెండు విధములను గ్రహింతురు. అప్పగింతలవేళ తండ్రి కన్నీరు చూచిన తెలుగువారికి ఇది వేఱుగ వివరింప నక్కఱలేదు.

వాజిద్ అలీ షా లక్నోకు మరలిపోలేదు. 1887లో మరణించి, తాను కట్టించిన మటియాబుర్జ్ ఇమాంబారాలోనే సమాధి చేయబడెను.