డెలివరీ అయిపోయింది, హార్డ్ డిస్కు నిండిపోయింది: ఇప్పుడేం చేయాలి?

బెల్లంకొండ, సత్తెనపల్లి, పిడుగురాళ్ల వైపు వీడియో ఎడిటింగ్ వచ్చిన కుర్రాళ్లకు కొదవ లేదు. బీట్ మీద కట్ చేస్తారు, కలర్ దిద్దుతారు, డ్రోన్ షాట్‌తో అదరగొడతారు. అదే కుర్రాణ్ణి పోయిన మాఘంలో చేసిన పెళ్లి ప్రాజెక్టు తెరవమనండి. ‘మీడియా ఆఫ్‌లైన్’ అంటూ ఎర్ర తెర వస్తుంది. ఫుటేజ్ ఏ డిస్కులో ఉందో, అసలు ఉందో లేదో తెలియదు. మిక్సింగ్ ల్యాబ్ ఓనరైనా, హైదరాబాద్ ఛానలైనా పనిలోకి తీసుకునేటప్పుడు షో రీల్‌తోపాటు ఇంకొకటి కూడా చూస్తారు: ఈ మనిషిని నమ్మి డేటా చేతికివ్వొచ్చా?

ముందు లెక్క చూద్దాం. సెకనుకు 100 మెగాబిట్లతో 4కె తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు కలిపి పది గంటలు తీస్తే 450 జీబీ, డ్రోన్‌ది అదనం. దాని మీద ప్రాక్సీలు, ప్రివ్యూ రెండర్లు, క్యాష్ పేరుకుంటాయి. మంచి ముహూర్తానికి మూడు నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకున్న ల్యాబ్‌లో డిస్కు నిండాక, రేపటి షూట్‌కి చోటు కావాలని అర్ధరాత్రి చేతికందింది డిలీట్ చేస్తారు. పోకూడనివి పోయేది ఇలాంటప్పుడే. డిస్కులు సర్దే పనికి ఆషాఢం ఉంది, మూఢం ఉంది. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో తీరిగ్గా కూర్చోండి.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి నేను చూసేది ఒక్కటే: మళ్లీ తయారవుతుందా? ప్రివ్యూ రెండర్లు, క్యాష్, ప్రాక్సీలు, ఆడియో పీక్ ఫైళ్లు, కస్టమర్‌కి చూపించడానికి తీసిన టెస్ట్ ఎక్స్‌పోర్ట్‌లు ఏవైనా సిస్టమ్ మళ్లీ చేసిపెడుతుంది. నిర్మొహమాటంగా తీసేయండి. తాళి కట్టే షాట్ మళ్లీ రాదు. కెమెరా ఒరిజినల్స్, ప్రాజెక్ట్ ఫైల్, వాడిన పాటలు, ఫొటోలు, టైటిల్స్, హై క్వాలిటీ ఫైనల్ అవుట్‌పుట్ ఉండాలి.

ఫాంట్ల సంగతి చాలామంది మరిచిపోతారు. మన దగ్గర పెళ్లి టైటిల్స్ ఇప్పటికీ ఎక్కువగా అను ఫాంట్లలోనే చేస్తారు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ప్రాజెక్ట్ తెరిస్తే వధూవరుల పేర్ల స్థానంలో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. అందుకే వాడిన ఫాంట్లు కూడా అదే ఫోల్డర్లో వేసుకోండి. కొత్త పనికి మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

సాఫ్ట్‌వేర్‌ని బట్టి పద్ధతి మారుతుంది. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్ ఉంది, ఎడియస్‌లో కన్సాలిడేట్ ఉంది. డావిన్చి రిజాల్వ్‌ది వేరే దారి. ప్రాజెక్ట్ దాని సొంత డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి ఫుటేజ్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకుంటే ఎడిట్ రాదు. ప్రాజెక్ట్ ఆర్కైవ్ విడిగా తీయాలి. కన్సాలిడేట్‌లో ‘వాడని భాగాలు కత్తిరించు’ అన్న ఆప్షన్ ఉంటుంది. యాడ్ ఫిల్ముకైతే అది బాగానే ఉంటుంది, పెళ్లికి మాత్రం వద్దనే నా మాట. రెండేళ్ల తర్వాత ఆ ఇంటివాళ్లు వచ్చి ‘అన్నా, మా తాత మాట్లాడింది ఎక్కడైనా ఉందా?’ అని అడుగుతారు. తాత ఫైనల్ వీడియోలో ఉండడు. అక్షింతల వరస వెనక, మనం కట్ చేసేసిన ముక్కలో ఉంటాడు.

కాపీలు కనీసం రెండు, వేర్వేరు డిస్కుల్లో, వేర్వేరు ఇళ్లలో ఉండాలి. వెరిఫై చేసే కాపీ సాఫ్ట్‌వేర్ వాడండి. ఆర్కైవ్‌ను ఇంకో సిస్టమ్‌లో తెరిచి, టైమ్‌లైన్ చివరిదాకా చూశాకే అసలుది తీసేయండి. ఏళ్ల తరబడి బీరువాలో పెట్టేదానికి ఎస్‌ఎస్‌డీ కంటే మామూలు హార్డ్ డిస్కే మేలు, అదైనా ఏడాదికోసారి పెట్టి చూడాలి.

ఎన్నాళ్లు ఉంచాలన్నది ముందే బిల్లు మీద రాయండి. ఆరు నెలలా, ఏడాదా అన్నది మీ ఇష్టం. రాయకపోతేనే తగాదా. వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్నవారే ఆ వీడియోకి తొలి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి పెళ్లికూతురి క్లిప్ మీ రీల్‌లో పెట్టాలంటే అడిగి పెట్టాలి. న్యూస్ ఛానళ్లకైతే ప్రసారం చేసినది 90 రోజులు భద్రపరచాలన్న ప్రభుత్వ నిబంధన ఉంది. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పగలిగితే మీ మీద గురి కుదురుతుంది.

బెల్లంకొండ వాళ్లకి ఈ విషయం ఇంకాస్త దగ్గరది. 2013 డిసెంబరులో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు సామర్థ్యం 45.77 టీఎంసీలు. కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు గనులు ఆ నీళ్ల కిందే ఉన్నాయి. ముంపు ఊళ్ల జనం పునరావాస కాలనీలకు వెళ్లారు. అంతకుముందు ఆ ఊళ్లలో తీసిన పెళ్లి క్యాసెట్లలో ఊరేగింపు వెళ్లిన వీధి, గుడి, వేపచెట్టు కింది రచ్చబండ కదులుతూ కనిపిస్తాయి. తీసినవాళ్లకి అది పెళ్లి పనే. ఇప్పుడు ఆ వీధిని చూడాలంటే ఆ క్యాసెట్టే దిక్కు. ఆ రోజుల్లో మినీ డీవీ టేపు ఖర్చు కలిసొస్తుందని దాని మీదే మరో పెళ్లి రికార్డ్ చేసుకునేవాళ్లు చాలామంది. వార్తల ఫుటేజ్‌దీ ఇదే సంగతి. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. ఆనాటి రా ఫుటేజ్ దాచుకున్న స్ట్రింగర్‌కి వరద వచ్చినప్పుడల్లా ఫోన్ రావచ్చు.

ఫుటేజ్ భద్రపరిచే ఈ పనికి ఉద్యోగాలూ ఉన్నాయి. సినిమాల్లో అసిస్టెంట్ ఎడిటర్‌గా చేరితే మొదట చేతికొచ్చేది డేటా కాపీ, సింక్, లాగింగే. 1957 నాటి ‘మాయాబజార్’ 2010లో రంగుల్లో విడుదలైందంటే పాత ఫిల్మును ఎవరో దాచిపెట్టబట్టే. ఫిల్మ్ పరిరక్షణ మీద ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో వర్క్‌షాప్ పెట్టింది. అలాంటి ప్రకటనల మీద ఓ కన్నేసి ఉంచండి. డిగ్రీ అయినవాళ్లు పుణె ఎఫ్‌టీఐఐలో ఎడిటింగ్ కోర్సుకు ప్రవేశ పరీక్ష రాయొచ్చు.

అంతదాకా ఆగక్కర్లేదు. పునరావాస కాలనీల్లో వీహెచ్‌ఎస్, మినీ డీవీ క్యాసెట్లు ఎవరి బీరువాలో ఉన్నాయో అడగండి. వీహెచ్‌ఎస్‌కి నడిచే వీసీఆర్, యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు చాలు. మినీ డీవీకి పాత హ్యాండీక్యామ్, ఫైర్‌వైర్ పోర్టున్న కంప్యూటర్ కావాలి. కొత్త ల్యాప్‌టాపుల్లో ఆ పోర్టు రావడం లేదు, పాత సామాన్ల దుకాణాల్లో వెతకాలి. మినీ డీవీ టేపు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే గంటకు దాదాపు 13 జీబీ వస్తుంది. ఎక్కించినదానికి ఊరు, ఇంటిపేరు, ఏడాది పెట్టి ఫోల్డర్ కట్టండి. ఒక కాపీ ఇంటివాళ్లకి, ఒకటి మీ దగ్గర. అలా ఓ పది ఇళ్లవి చేశాక, వాళ్లను అడిగి ఆ జాబితాను బయోడేటాలో పెట్టండి.