న్యూరాలజీ కేసు విప్పడం ఎలా?

జూబ్లీహిల్స్ అపోలో ఆవరణలోని మెడికల్ కాలేజీ పిల్లలైనా, కోఠి ఉస్మానియా పిల్లలైనా న్యూరాలజీలో తడబడేది ఒక్కచోటే. జబ్బు ఎక్కడుందో తేల్చకుండానే దాని పేరు చెప్పేస్తారు. పరీక్షలోపు ఆ అలవాటు మార్చుకుందాం.

కావలసినవి

రిఫ్లెక్స్ హ్యామర్, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, దూది, పెన్ టార్చ్, తెల్ల కాగితం. ఫిల్మ్‌నగర్ పక్కనే ఉన్నాం కాబట్టి రోగి వేషానికి ఓ స్నేహితుణ్ణి ఒప్పించండి.

చేసే విధానం

1. ముందు రోగి మాట విందాం. "తిమ్మిరి" అంటే స్పర్శ తెలియకపోవడమా, పట్టు లేకపోవడమా? "కళ్లు తిరిగాయి" అంటే గది గిర్రున తిరిగిందా, స్పృహ తప్పబోయిందా? అడగందే రాయొద్దు.

2. ఎంతసేపట్లో వచ్చిందో రాద్దాం. క్షణాల్లో అయితే రక్తనాళాన్ని, రోజుల్లో అయితే ఇన్ఫెక్షన్‌నో వాపునో, నెలల్లో అయితే కణితినో క్షీణతనో ముందుగా అనుమానిద్దాం.

3. కాగితంపై ఐదు గళ్లు గీద్దాం: మెదడు, వెన్నుపాము, నరం, నరమూ కండరమూ కలిసేచోటు, కండరం. మొదటి రెండింట్లో రిఫ్లెక్సులు చురుకవుతాయి, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. కొత్తగా వచ్చిన దెబ్బలో మాత్రం కొన్నాళ్లు రిఫ్లెక్సులు మందంగా ఉండొచ్చు, మోసపోకండి. నరమైతే అవి తగ్గుతాయి. 'ఊపిరి' (2016)లో నాగార్జున పాత్ర గుర్తుందా? కాళ్లూ చేతులూ కదలవు, ముఖం, మాట బాగుంటాయి. అంటే మెడ దగ్గరి వెన్నుపాము. 2022లో సమంత తనకుందని చెప్పిన మయోసైటిస్ చివరి గడిలోది. అందులో సాధారణంగా భుజాలు, తొడలు బలహీనపడతాయి, స్పర్శ చెక్కుచెదరదు. సీకే పరీక్ష అడుగుదాం.

4. మూతి వంకరపోతే కనుబొమలు ఎత్తమందాం. నుదురు రెండువైపులా ముడతపడితే దెబ్బ మెదడులో. బలహీనపడిన వైపు నుదురూ నున్నగా ఉంటే సాధారణంగా ముఖనరంలో. బెల్స్ పాల్సీ అని తేలితే 72 గంటల్లోపు ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టి, మూతపడని కంటిని కాపాడాలి.

5. పక్షవాతం అనిపిస్తే చక్కెర చూసి, వెంటనే సీటీ. రక్తస్రావం లేక, 4.5 గంటలు దాటక, ఇతర అడ్డంకులూ లేకపోతే ఆల్టిప్లేస్ కిలోకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 మించకూడదు. పదో వంతు ఒకేసారి, మిగతాది గంటలో ఎక్కించాలి. అంతకుముందే బీపీ 185/110 లోపుకి రావాలి.

తరచూ చేసే పొరపాట్లు

"పొద్దున ఆరింటికి లేచేసరికి చేయి పడిపోయింది" అంటే చాలామంది ఆరు అని రాసేస్తారు. తప్పు. రాత్రి చివరిసారి ఎప్పుడు బాగున్నారో ఇంట్లోవాళ్లని అడిగి, ఆ సమయం నుంచి లెక్కపెట్టాలి. వైద్యమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడుతుంది.

తొలి గంటల్లో సీటీ నార్మల్‌గా వచ్చినా పక్షవాతం లేదనకండి.

గియాన్-బారేకి స్టెరాయిడ్లు రాయకండి. ఐవీఐజీ లేదా ప్లాస్మా మార్పిడి ఇవ్వాలి, ఊపిరి సామర్థ్యాన్ని మళ్లీమళ్లీ కొలవాలి.

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే శ్వాస చూసి, చక్కెర చూసి, లోరాజెపామ్ ఇవ్వాలి.

రేపు వార్డులో ఒక్క రోగి దగ్గరే కూర్చోండి. ఐదు గళ్లలో ఒకదానికి టిక్ పెట్టాకే కేస్ షీటు తెరవండి.