తేమ నిలిచిన చోటే వేరు

మార్చి వచ్చిందంటే హిందూపురంలో మొక్కలమ్మే చోట ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అన్నా, సరస్వతి ఆకు ఉందా? పిల్లోనికి పరీక్షలు." చిన్న నల్ల కవరులో నాలుగు గుండ్రటి ఆకుల మొక్క ఇంటికొస్తుంది. పది రోజులు పొద్దున్నే పిల్లాడు ముఖం చిట్లించుకుంటూ ఆకు నములుతాడు. పరీక్షలైపోతాయి. ఏప్రిల్ ఎండకు మేడ మీద మొక్క మాడిపోతుంది. మళ్లీ మార్చిలో అదే మాట.

కొన్నేళ్లు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఆ తర్వాత ఒక సంగతి నాకు అర్థమైంది. ఆ మొక్క మనకివ్వగల ఏకాగ్రతలో ఎక్కువ భాగం దాన్ని పెంచడంలోనే ఉంది. ఆకు తినడం అందులో చివరి, చిన్న మెట్టు. ఈ మాట పూర్తిగా నమ్మే ఇది రాస్తున్నాను.

ఒక పేరు, రెండు మొక్కలు

సరస్వతి ఆకు చిత్తడి నేలల మొక్క. చెరువు తూము కింద, వరి మడి గట్టు మీద, కాలువ ఒడ్డున పాకుతుంది. నిండా నీళ్లలో ఉండదు, ఆరిన నేల మీద బతకదు. ఈ రెంటికీ నడుమనున్న తేమే దాని ఇల్లు. ఆకు కప్ప పాదంలా ఉంటుందని సంస్కృతంలో మండూకపర్ణి అన్నారు. కర్ణాటక సరిహద్దున ఉన్న మా ఊళ్లో కన్నడం మాట్లాడేవాళ్లు ఒందెలగ అంటారు. ఒక్కో కాడకు ఒక్కటే ఆకు కాబట్టి ఆ పేరు. కొత్తిమీర, జీలకర్ర, వాము ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే.

బ్రాహ్మి అనే పేరుతో మరో మొక్క కూడా అమ్ముతారు. అది నీటి బ్రాహ్మి. చిన్న చిన్న దళసరి ఆకులు, తెల్లటి లేదా లేత ఊదా పూలు, గట్టి చేదు. అదీ తడి నేలలోనే పాకుతుంది. కొనేటప్పుడు ఏది కొంటున్నామో చూసుకోవాలి. చరక సంహిత బుద్ధిని పెంచే మేధ్య రసాయనాలుగా నాలుగింటిని చెప్పింది: మండూకపర్ణి, యష్టిమధుకం, తిప్పతీగ, శంఖపుష్పి. పేరు అంత పాతది. అయితే చదవకుండా ఆకు తింటే మార్కులొస్తాయని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ధర్మవరంలో ఒక పాఠం

నా మొదటి మొక్కను లోతైన సిమెంటు కుండీలో పెట్టాను. పని ఒత్తిడిలో మూడు రోజులు దాని ముఖం చూడలేదు. నాలుగో రోజు గుర్తొచ్చి బకెట్ నీళ్లు కుమ్మరించాను. బోరు నీళ్లు కావడంతో మట్టి మీద తెల్లటి ఉప్పు పొర కట్టింది. ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. నెలలోపే మొక్క పోయింది.

ఆ రోజుల్లోనే ధర్మవరంలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఇంట్లో గుంత మగ్గం, పెరట్లో నీళ్ల తొట్టి. తొట్టి పక్క నీడలో, పగిలిన కడవ అడుగుభాగంలో సరస్వతి ఆకు నిండుగా పాకి ఉంది. ఇంత ఎండల ఊళ్లో ఇదెలా సాధ్యమని అడిగాను.

"నువ్వు నీళ్లు పోస్తాండావు గానీ చెట్టును సూడ్డంల్యా నాయనా" అంది పెద్దమ్మ.

కడవ దగ్గర కూర్చోబెట్టి ఎర్రటి సన్నటి తీగనొకదాన్ని వేలితో పైకెత్తి చూపించింది. తీగ మీద జానెడు లోపే ఒక కణుపు. కణుపు కింద తెల్లటి దారాల్లాంటి వేళ్లు, పైన విచ్చుకోబోతున్న మడత ఆకు. తీగ కణుపు దగ్గర తడి మట్టిని తాకితే అక్కడ వేరు దిగుతుంది. వేరు దిగాక ఆ కణుపే సొంతంగా ఒక మొక్క. దాని నుంచి మళ్లీ తీగ, మళ్లీ కణుపు. గాలికి పైకి లేచిపోయిన తీగ మాత్రం ఎంత పొడుగున్నా వేరు పట్టదు. పెద్దమ్మ ఒక చిన్న గులకరాయి తీసి, లేచిన కణుపు మీద మెల్లగా ఆనించింది. అంతే.

ఆ మధ్యాహ్నం ఆమె మగ్గం మీద కూర్చుంది. పడుగులో ఒక పోగు తెగింది. వెంటనే చేయి ఆపి, రెండు కొసలూ వెతికి, వేళ్ల మధ్య నలిపి ముడేసింది. "ఇప్పుడైతే ఒక పోగు. ఉండనీలే అనుకుంటే చీరంతా గీత" అంది. వేల పోగుల్లో తెగిన ఆ ఒక్క పోగును చూసిన కన్నే కడవలో లేచిన కణుపునూ చూసింది. చూపు ఒకటే. అది ఆకు తింటే వచ్చిన చూపు కాదు, రోజూ చూస్తే వచ్చింది.

మనం చాలా పనులను తాకుతాం. ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెడతాం, నడక మొదలుపెడతాం, పుస్తకం తెరుస్తాం. తాకిన చోట కాసేపు తేమగా నిలబడం. అందుకే తీగ పొడుగవుతుంది గానీ వేరు దిగదు. కొత్తది మొదలుపెట్టే ముందు, లేచిపోయిన పాత కణుపు మీద ఒక గులకరాయి పెట్టండి.

చెరువుకు ఆరు దోషాలు, మనిషికీ ఆరే

మాది వానలు మొహం చాటేసే సీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వానతో బతకాల్సిన నేల. అందుకే మన పూర్వులు చెరువులు కట్టడాన్ని విద్యగా నేర్చుకున్నారు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరానికి రాజధాని అయిన పెనుకొండ కింద చెరువు ఉంది. ధర్మవరానికి ఆ పేరు తెచ్చిందీ చెరువేనంటారు. క్రియాశక్తి ఒడయరు ఆ చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టాడని చెబుతారు.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావాల్సిన 12 అంగాలను, రాకూడని 6 దోషాలను ఆ రాతి మీద చెక్కించారు. నా కుండీ ఎందుకు ఎండిందో, నా పనులు ఎందుకు ఆగిపోయాయో ఆ ఆరు దోషాలు చదివాక తెలిసింది.

మొదటిది, కట్ట నుంచి నీరు కారడం. కుండీ అడుగున పెద్ద రంధ్రముంటే ఎన్ని నీళ్లు పోసినా నిలవవు. గంట చదువులో పదిసార్లు ఫోను చూసేవాడి కట్టా కారుతున్నట్టే. కొత్త నీళ్లు తెచ్చే ముందు ఆ రంధ్రం పూడ్చాలి.

రెండోది, చవిటి నేల. మా ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. నీళ్లు శుద్ధి చేసే యంత్రం బయటకు వదిలే వ్యర్థజలంలో ఇంకా ఎక్కువ, దాన్ని ఈ మొక్కకు పోయకూడదు. మనసులో పేరుకున్న కక్ష, ఈర్ష్య కూడా ఉప్పు పొరే. వాన నీళ్లతో మట్టిని కడిగినట్టు, నొప్పించినవాళ్లతో ఒకసారి మాట్లాడి దాన్ని కడుక్కోవాలి.

మూడోది, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. ఇంట్లో ఎవరిదో తెలియని కుండీకి ఒక రోజు ముగ్గురు నీళ్లు పోస్తారు, మూడు రోజులు ఎవరూ పోయరు. లక్ష్యం కూడా అంతే. అది నాన్న కోరికో మన కోరికో తేలకపోతే దాన్ని కాపాడేవాళ్లుండరు.

నాలుగోది, చెరువు నడుమ మిట్ట. కుండీ మధ్య మట్టి ఎత్తుగా ఉంటే నీళ్లు అంచులకు జారి, వేళ్లు ఎండుతాయి. మనిషి నడుమనున్న మిట్ట అహం. ఎవరు ఏం చెప్పినా దాని మీంచి జారిపోతుంది.

ఐదోది, నీరు తక్కువ, ఆయకట్టు ఎక్కువ. ఉగాది నాడు ఆరు తీర్మానాలు చేసుకుని ఆషాఢానికి ఆరూ వదిలేసేది ఇందుకే. ఒక చెంబు నీళ్లకు ఒక కుండీ చాలు.

ఆరోది, నీరు ఎక్కువ, నేల తక్కువ. రోజంతా నీళ్లు నిల్వ ఉన్న ఇరుకు కుండీలో వేళ్లు కుళ్లి వాసన కొడతాయి. నిద్ర లేకుండా, ఆట లేకుండా పద్నాలుగు గంటలు చదివించే ఇంట్లో పిల్లల సంగతీ అంతే. తల్లిదండ్రులు ఈ ఆరో దోషాన్ని రెండుసార్లు చదవాలి.

నలభై రోజుల సాధన

మన దగ్గర చాలా దీక్షలకు ఒక మండలం పెట్టుకుంటాం. దీనికీ నలభై రోజులు పెట్టుకోండి. వెడల్పైన, లోతు తక్కువైన మట్టి మూకుడో, పగిలిన కడవ అడుగో తీసుకోండి. చెరువు ఒండ్రు, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. వేళ్లున్న రెండు కణుపులు నాటండి. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టండి. కింద ఒక పళ్లెంలో కొద్దిగా నీళ్లుంచి, దోమలు చేరకుండా వాటిని తరచూ మార్చండి.

నీళ్లకు బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి వాడండి. శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణా నీళ్లు హంద్రీ నీవా ఎత్తిపోతలు ఎక్కి పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి చేరడానికి ఎంత దూరం వస్తాయో పిల్లలకు చెప్పండి. అప్పుడు చెంబుడు నీళ్ల విలువ వాళ్లకు ప్రత్యేకంగా బోధించక్కర్లేదు.

రోజూ ఒకే వేళకు ఐదు నిమిషాలు మొక్క ముందు కూర్చోండి. ఫోను ఇంట్లోనే ఉండాలి. నీళ్లు పోసే ముందు వేలు మట్టిలో పెట్టి తేమ చూడండి. ఎన్ని కొత్త ఆకులొచ్చాయి, ఏ కణుపు లేచింది, ఏ ఆకు పసుపెక్కింది అని చూసి, నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయండి. మొదటి వారం రాయడానికి ఏమీ కనిపించదు. రెండో వారానికి మీ కన్ను మారుతుంది. ఆకుల కింద దాక్కున్న చిన్న చిన్న పూలు కనిపించిన రోజు మీ చూపు పదునెక్కిందని తెలుసుకోండి. ఆ చూపే లెక్కల పుస్తకంలోకి, ఆఫీసు కాగితంలోకి, ఎదుటి మనిషి ముఖంలోకి వెళ్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మురుగు కలిసే కుంటల ఒడ్డున పెరిగిన ఆకును తినకండి, అక్కడి మలినాలు అందులో చేరవచ్చు. ఇంట్లో పెంచిన ఆకునైనా శుభ్రంగా కడిగి, అప్పుడప్పుడు పచ్చడిలా మితంగా తినాలి. గర్భిణులు, కాలేయ జబ్బులున్నవాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు వైద్యుణ్ని అడిగాకే ముట్టుకోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో మూకుడు నిండా ఆకే. మొదటి మూకుడు నుంచి వేరుపట్టిన కణుపులు తెంపి ఇరుగు పొరుగుకు ఇచ్చాం. ఈ మొక్కకు అది నష్టం కాదు. తెంపిన చోట మరో తీగ వస్తుంది. నేర్చుకున్నది పంచినా అంతే.

ఈ ఆదివారం ఒక కణుపు నాటండి. దాన్ని మీ పిల్లాడికి అప్పగించి, పరీక్ష మాట ఎత్తకుండా నలభై రోజులు వాడి పక్కన కూర్చోండి. నలభై ఒకటో రోజు మొదటి ఆకు వాడి చేతనే కోయించండి. అది నోట్లో పెట్టుకునే లోపే వాడు నేర్చుకోవాల్సింది నేర్చుకుని ఉంటాడు.