చిన్న డీజిల్ ట్రాలీ బండ్లు ఎందుకు తగ్గిపోయాయి? రైతు ఏం చూసి కొనాలి?

జీవామృతం వీడియో చూసినవాళ్ళు చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, డ్రమ్ములు పొలానికి తీసుకెళ్ళడానికి చిన్న డీజిల్ బండి ఏది?"

2005లో టాటా ఏస్ వచ్చింది. 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, ముప్పావు టన్ను బరువు. ఊరూరా తిరిగింది. 2016లో మారుతి సూపర్ క్యారీ కూడా చిన్న డీజిల్ ఇంజనుతోనే వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 అమల్లోకి వచ్చేసరికి మారుతి డీజిల్ బండ్లే ఆపేసింది. ఇప్పుడు సూపర్ క్యారీ పెట్రోలు, సీఎన్‌జీల్లోనే ఉంది. కారణం లెక్కే. పొగ శుభ్రం చేసే సామాను ఖర్చు పెద్ద లారీ ధరలో కలిసిపోతుంది, నాలుగైదు లక్షల బండికి మాత్రం మోయలేని బరువు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. చాలా బీఎస్-6 డీజిల్ బండ్లకు డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి, సైలెన్సర్ బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. మనమేమో ఇంటి నుంచి పొలానికి రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తాం. వేడెక్కదు, మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. మా బండికి అలాగే అయ్యింది, షెడ్డులో రెండు రోజులు పెట్టాల్సొచ్చింది. అప్పటినుంచి వారానికోసారి మార్కెట్‌కి హైవే మీదుగా, ఆపకుండా పోతున్నాం. కొనేముందు డీపీఎఫ్ ఉందా అని తప్పక అడగండి.

బరువు లెక్క కూడా చూసుకోండి. ఎకరాకి 200 లీటర్ల జీవామృతం అంటే డ్రమ్ముతో కలిపి 200 కిలోల పైనే. ముప్పావు టన్ను బండికి మూడు డ్రమ్ములే, నాలుగోది వద్దు. సగం నింపిన డ్రమ్ము మలుపులో ఊగి బండిని లాగేస్తుంది. నిండా నింపి, మూత బిగించి, తాడుతో కట్టండి.

బురద దారైతే? చిన్న ట్రాలీలన్నీ వెనక చక్రాల మీద నడిచేవే, వరి మడి గట్టు దగ్గర దిగబడతాయి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌లో నాలుగు చక్రాలకూ పవర్ వెళ్ళే డీజిల్ ఉంది గానీ, ధర మాత్రం చాలా ఎక్కువ! థార్, గూర్ఖా డీజిల్‌లో ఉన్నా సరుకు మోసేవి కావు. జిమ్నీ పెట్రోలే.

అందుకే మేం రోడ్డు వరకు ట్రాలీ, అక్కణ్ణుంచి ట్రాక్టరు వాడుతున్నాం. ట్రాక్టర్ల పొగ నిబంధనలు వేరు, బీఎస్-6 వాటికి వర్తించదు. డ్రమ్ములు ఎక్కించే పలక, తాడు కట్టే పద్ధతి వీడియో చివర్లో చూపించాం.